బరువెంతరా నీ సైకిలు?

మొన్న ఆదివారం పొద్దున్నే గండిపేట దాటాక సర్వీసు రోడ్డులో మా సైకిలు గ్రూపులో ఒకడి వెనక టైరు దిగిపోయింది. లారీ టైర్లు పేలిన చోట రోడ్డంతా సన్నటి ఇనప తీగ ముక్కలు పడుంటాయి, కంటికి ఆనవు, అదొకటి గుచ్చుకుంది. వాడి స్పేర్ ట్యూబు ముందు వారమే అయిపోయింది. ఇప్పుడు స్టిక్కర్ ప్యాచులు వస్తున్నాయి, పొర ఊడదీసి అతికిస్తే చాలు, కానీ మా గ్రూపులో ఉన్న పెద్దాయనకి వాటి మీద నమ్మకం లేదు. సంచిలోంచి సొల్యూషన్ తీసి, ట్యూబుని గీకి, కాస్త రాసి, వేలితో పరిచి, ఆరడానికి ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నాడు. ఆ వాసన నా ముక్కుకి తగిలింది. ఇటు పెట్రోలు కాదు, అటు రబ్బరు కాదు, రెండూ కలిసిన ఘాటు. ఎన్నేళ్లయిందో ఆ వాసన పీల్చి.

పక్కన మిగతావాళ్లు ఎప్పుడూ చేసే పనే చేస్తున్నారు. అంటే బరువుల గొడవ. మేం ఎక్కడ ఆగినా ఐదు నిమిషాల్లో మాట అక్కడికే వస్తుంది. నీదెంత, నాదెంత. ఒకడైతే విమానం ఎక్కేముందు సూట్‌కేసు తూచుకునే కొక్కెం త్రాసు కొని, దాన్ని జెర్సీ వెనక జేబులో పెట్టుకునే తిరుగుతాడు. దానికి సీటు తగిలించి సైకిలు పైకెత్తితే 8.9 అని వచ్చింది. "పెడల్స్‌తో కలిపా, తీసేసా అన్నా?" అని ఇంకొకడు. కంపెనీల వాళ్లు చాలామంది బరువు చెప్పేటప్పుడు పెడల్స్ లేకుండానే చెప్తారు కాబట్టి ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఇక మొదలు. బాటిల్ పెట్టుకునే కేజ్ తీసెయ్, లైటు తీసెయ్, సీటు కింద సంచి తీసెయ్. చక్రాలు మారిస్తే నాలుగొందల గ్రాములు పోతాయి. మామూలు ట్యూబులు పీకేసి టీపీయూ అనే పల్చటి ప్లాస్టిక్ ట్యూబులు వేస్తే చక్రానికి అరవై. సీట్ పోస్టు కార్బన్‌ది వేస్తే ఇంకో వంద. రేసుల్లో అయితే 6.8 కిలోల కన్నా తక్కువ బరువున్న సైకిల్ని రానివ్వరు, యూసీఐ అనే అంతర్జాతీయ సంస్థ 2000 నుంచి ఆ రూలు పెట్టింది. మాకు రేసులూ లేవు, గీసులూ లేవు. దాదాపు అందరికీ నలభై దాటాయి, సగం మందికి షుగరుంది, ఆ రూలు గురించి మాత్రం ఆవేశంగా వాదించుకుంటాం.

వాళ్లు అలా తీసెయ్ తీసెయ్ అంటుంటే, ఇటు సొల్యూషన్ వాసన వస్తుంటే నాకొకటి తట్టింది. మా చిన్నప్పుడు సైకిలుకి సోకు చేయించడమంటే ఏదో ఒకటి తగిలించడమే. తీసెయ్యడం కాదు. సైకిలు బరువెంత అని మా ఊళ్లో ఎవరూ ఎవర్నీ అడిగిన గుర్తే లేదు. ఎంత మోస్తుందనే అడిగేవాళ్లు.

*

మాది దుగ్గిరాల. పసుపు యార్డుకి వెళ్లే దారిలో సాయిబు గారి సైకిల్ షాపు ఉండేది. షాపంటే ముందు తాటాకు పందిరి, వెనక ఒక రేకుల గది. పందిరి వాసానికి పాత టైర్లు వేలాడుతుండేవి. కింద సగానికి కోసిన డ్రమ్ములో పంచర్ నీళ్లు, ఎప్పుడు మార్చేవారో తెలీదు గానీ నేను చూసినప్పుడల్లా నల్లగానే ఉండేవి. గాలి కొట్టిన ట్యూబుని ఆ నీళ్లలో ముంచి ఒత్తుకుంటూ తిప్పితే ఒక చోట బుడబుడమని బుడగలొస్తాయి. అక్కడ బొటనవేలు పెట్టి, రెండో చేత్తో గుడ్డతో తుడిచి, చెవి మీదున్న పెన్సిలు తీసి ఎంగిలి చేసి గుర్తు పెట్టేవారు. తర్వాత ఆకురాయితో గీకడం, సొల్యూషన్ రాయడం, పాత ట్యూబులోంచి కత్తిరించిన ముక్క అతికించి సుత్తితో నాలుగు దెబ్బలు. సొల్యూషన్ ఆరకముందే అతికిస్తే ముక్క నిలవదు. అది ఆరేలోపు ఆయన బీడీ ముట్టించేవారు. పక్కనే మూత తీసిన సొల్యూషన్ డబ్బా, కిరసనాయిలు పళ్లెం. ఇప్పుడు తల్చుకుంటే గుండె గుభేలుమంటుంది, అప్పుడు ఎవరికీ ఏ టెన్షనూ లేదు.

వేసవి సెలవుల్లో నేను అక్కడే పడుండేవాణ్ణి. జీతం గీతం ఏం లేదు. గాలి కొట్టిపెట్టడం, బేరింగు గుండ్లు కిరసనాయిల్లో కడగడం, టీ తేవడం. ప్రతిఫలంగా సాయంత్రం షాపు కట్టేసే ముందు ఒక అద్దె సైకిలు యార్డు దాకా తొక్కుకు రానిచ్చేవారు. గుండ్లు కడిగే పనికి ఓపిక కావాలి. ఓవర్‌హాలింగ్‌కి వచ్చిన సైకిలు విప్పితే లోపల గ్రీజు మట్టితో కలిసి నల్లటి ముద్దయి ఉంటుంది, అందులోంచి గుండ్లు ఒక్కోటీ ఏరి పళ్లెంలో వేసి చేత్తో కలియతిప్పాలి. ఒక్కటి కింద పడి దొర్లినా "ఏందబ్బాయ్, అది మీ తాత సొమ్మా?" అనేవారు. తెల్లగా మెరుస్తూ బయటికొచ్చాక ఒక్కోదాన్నీ వెలుతురుకి పెట్టి చూసేవారు, గాటు పడ్డది పక్కన పెట్టేసేవారు. కొత్త గ్రీజు దట్టంగా పెట్టి అందులో గుండ్లని చుట్టూ గుచ్చి, కోను బిగించి, చక్రం తిప్పి వదిలితే చాలాసేపటికి గానీ ఆగేది కాదు.

అన్నింట్లోకీ నాకు ఇష్టమైంది చక్రం ఔట్ తీయడం. సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, చక్రం తిప్పి వదిలి, ఫోర్కుకి ఆనించి సుద్దముక్క పట్టుకునేవారు. రిమ్ము ఎక్కడ పక్కకి జరిగిందో అక్కడ సుద్ద తగుల్తుంది. చర్… చర్… చర్… తిరుగుడికొకసారి. అటువైపు పుల్లని పావు తిప్పు వదులు చేసి, ఎదురు వైపు పుల్లని పావు తిప్పు బిగించి మళ్లీ తిప్పేవారు. ఆ చర్రుమనే చప్పుడు పొట్టిదవుతూ పోయి, చివరికి సుద్ద పట్టుకున్నా ఏమీ వినపడదు. అయినా అక్కడితో వదిలేవారు కాదు. వేలుగోరుతో పుల్లలన్నీ వరసగా మీటుకుంటూ వచ్చేవారు. టింగ్, టింగ్, టింగ్, టక్. ఆ టక్ దగ్గర ఆగి మళ్లీ కీ పెట్టేవారు. ఆ సైకిళ్లకి ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక 40. ఇప్పుడు మా వాళ్లు వేలకి వేలు పోసి కొంటున్న చక్రాలకి 20, 24. ఎంత తక్కువ పుల్లలుంటే అంత గొప్ప. సాయిబు గారు చూస్తే సగం పుల్లలు ఎవరో కొట్టేశారనుకునేవారు.

*

అద్దె సైకిళ్ల సంగతి చెప్పాలి. గంటకి అర్ధ రూపాయి. సైకిలు ఇచ్చేటప్పుడు పేరు, నాన్న పేరు, టైము ఒక పొడుగు పుస్తకంలో రాసేవారు. టైము సాయిబు గారి చేతి వాచీ ప్రకారం, అది ముందుకి పోతుందని ఊరంతా అనేవాళ్లు గానీ ఎదురుగా అన్నవాడు లేడు. నాలుగు పెద్ద సైకిళ్లు, రెండు చిన్నవి. పెద్దవాటి మీద మాకు సీటు అందదు కాబట్టి బారు కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చంక సీటు మీద, ఒళ్లంతా వంకర. అలా తొక్కుతూనే ఊరు మొత్తం చుట్టేసేవాళ్లం. ఆ తర్వాత బారు మీద, ఆ తర్వాత ఎప్పుడో సీటు మీద. సీటెక్కిన రోజు ఎవరికైనా గుర్తుంటుంది. నాకు గుర్తుంది ఏంటంటే ఎక్కాక దిగడం రాక కాలవ వంతెన పిట్టగోడ దొరికేదాకా తొక్కుతూనే పోవడం.

ఆ అద్దె సైకిళ్లకి ఏమీ ఉండేవి కావు. క్యారియరుంటే ఇంకొకణ్ణి ఎక్కించుకుంటారని క్యారియర్ పీకేసేవారు. పడేస్తే వంగిపోతాయని మడ్‌గార్డులు తీసేసేవారు. బెల్లుంటే ఎవడో ఒకడు విప్పుకుపోతాడు, అందుకని అదీ లేదు. చైన్ కవరు లేదు, స్టాండు లేదు, గోడకి ఆనించడమే. ఇప్పుడాలోచిస్తే మా ఊళ్లో అన్నింటికన్నా తేలికైన సైకిళ్లు అవే. మర్యాద లేనివీ అవే. పెళ్లి చూపులకి ఎవడైనా అద్దె సైకిలు మీద వచ్చాడంటే ఆ సంబంధం అక్కడితో సరి. కట్నంలో సైకిలు, వాచీ, ట్రాన్సిస్టర్ రేడియో అడిగే కాలం అది, ఆ సైకిలుకి క్యారియర్, డైనమో, ఫుల్ చైన్ కవర్ ఉన్నాయా లేవా అని వియ్యంకులు పంచాయితీ పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

*

సోకులంటే అలా ఇలా ఉండేవి కావు. కొత్త సైకిలు కొన్నవాడు ముందు ఫ్రేముకి చుట్టొచ్చిన కాగితం తియ్యడు. అది చిరిగి పీలికలై వేలాడుతున్నా సరే, కింద రంగు కొత్తగా ఉందన్న తృప్తి. అది పూర్తిగా పోయాక రంగు టేపు చుట్టించేవాడు. హ్యాండిల్ చివర్లకి ప్లాస్టిక్ కుచ్చులు. సీటుకి స్పాంజి వేసిన కవరు, దాని అంచుకి జాలరు. పుల్లలకి రంగు రంగుల పూసలు, చక్రం నెమ్మదిగా తిరిగినప్పుడు అవి పై నుంచి కిందకి జారుతూ టకటకమనేవి. హబ్బు చుట్టూ వదులుగా ఒక కుచ్చుల పట్టీ, అది తిరుగుతూ హబ్బు మీద దుమ్ము తుడిచేది. సోకు పేరుతో వచ్చినవాటిల్లో నిజంగా పనికొచ్చింది అదొక్కటే అని ఇప్పటికీ నా అభిప్రాయం. వెనక మడ్‌ఫ్లాప్ మీద హీరో బొమ్మ. మాది తెనాలి పక్కన కాబట్టి, బుర్రిపాలెం కూతవేటు దూరం కాబట్టి, మా వైపు కృష్ణ గారి బొమ్మలు ఎక్కువ. ఎన్టీఆర్ బొమ్మ ఉన్న సైకిలూ కృష్ణ బొమ్మ ఉన్న సైకిలూ సినిమా హాలు స్టాండులో పక్కపక్కన పెడితే ఒకదాని గాలి తీసి ఉండేది, అది వేరే కథ.

వీటన్నింటి పైన డైనమో. అది ఉన్నవాడు ఉద్యోగస్తుడి కింద లెక్క. వెనక టైరుకి ఆనేలా బిగిస్తారు, మీట నొక్కితే దాని తల టైరు మీద పడి గుర్రుమని తిరుగుతుంది, ముందు లైటు వెలుగుతుంది. తొక్కుడు తగ్గితే వెలుగూ తగ్గుతుంది. మలుపు దగ్గర నెమ్మదించినప్పుడే వెలుగు కావాలి, అప్పుడే అది మినుకుమినుకుమంటుంది. పైగా డైనమో వేస్తే తొక్కడం బరువయ్యేది, అందుకని వెన్నెల రాత్రుళ్లు ఎవరూ వేసేవారు కాదు. పట్నాల్లో మున్సిపాలిటీకి పన్ను కట్టి సైకిలుకి బిళ్ల తగిలించుకోవాలి, రాత్రిపూట లైటు లేకుండా దొరికితే పోలీసులు గాలి తీసేసేవారు, లేదా వాల్ ట్యూబు పీక్కుపోయేవారు. లైటు లేనివాళ్లు ఊరు మొగదల్లో దిగి నడిపించుకుంటూ, పోలీసు కనపడకపోతే మళ్లీ ఎక్కుతూ వెళ్లేవారు.

ఇవన్నీ తగిలించాక సైకిలు సంక్రాంతి గంగిరెద్దులా ఉండేది. ఖాళీ సైకిలే ఇరవై కిలోల దాకా ఉండేది, పైన ఈ హంగులన్నీ కలిపితే ఇంకో మూడు నాలుగు కిలోలు. ఎవరికీ పట్టేది కాదు. మా మేనమామ తన దానికి రెండు అద్దాలు, రబ్బరు బుడ్డి హారను కూడా పెట్టించాడు. వెనకనుంచి వచ్చేది ఎడ్లబండి తప్ప ఏమీ ఉండదు ఆ రోడ్డు మీద. అయినా మామయ్య అద్దంలో చూసుకుంటూనే తొక్కేవాడు, ఎక్కువగా తన క్రాపు.

*

ఏడాదికోసారి సైకిలు ఫీట్లు చేసేవాళ్లు వచ్చేవారు. ఈ కాలం పిల్లలకి చెప్తే నమ్మరు. స్కూలు గ్రౌండులో మధ్యన గుంజ పాతి, మైకు కట్టి, ఒకాయన దాని చుట్టూ సైకిలు తొక్కుతూ ఉంటాడు. వారం రోజులు దిగడు. అన్నం సైకిలు మీదే, స్నానం సైకిలు మీదే, బిందెలో నీళ్లు ఎవరో అందిస్తే తొక్కుతూ నెత్తిన పోసుకునేవాడు. రాత్రిపూట జనం పోగయ్యాక ఫీట్లు. ట్యూబులైటు ఒంటి మీద పగలగొట్టించుకోవడం, పళ్లతో సైకిలు ఎత్తడం, హ్యాండిల్ మీద కూర్చుని వెనక్కి తొక్కడం. మధ్యమధ్యలో రికార్డు డాన్సు. చొక్కాకి పిన్నీసుతో రూపాయి, రెండ్రూపాయల నోట్లు గుచ్చేవాళ్లు, వాళ్ల పేర్లు మైకులో చదివేవాళ్లు, పేరు చదివించుకోవాలనే గుచ్చేవాళ్లే ఎక్కువ. రాత్రి అందరూ పోయాక దిగి పడుకుంటాడేమోనని మేం కొందరం గోడ మీద కూర్చుని కాపలా కాశాం. కాసి కాసి మేమే నిద్రపోయాం, పొద్దున లేచి చూస్తే తిరుగుతూనే ఉన్నాడు.

ఆ సైకిలు గురించి మాత్రం సాయిబు గారు ఒక మాట చెప్పారు. రెండో రోజు దాన్ని బాగు చెయ్యడానికి ఆయన్నే పిలిచారు, తొక్కుతూ ఉండగానే పక్కన నడుస్తూ పని చెయ్యాలి. "పళ్లతో ఎత్తాలిగా, అందుకని అన్నీ పీకేశాడబ్బాయ్. బారులో ఇనుమే ఉంది, ఇంకేం లేదు," అన్నారు. బరువు తగ్గించడానికి సామాను తీసేసిన మనిషి గురించి నేను వినడం అదే మొదటిసారి.

*

తర్వాత ఎస్సెల్లార్ వచ్చింది. బీఎస్ఏ ఎస్సెల్లార్. మా ఊరి డాక్టరు గారబ్బాయి గుంటూరులో చదువుకుంటూ దాని మీద వచ్చాడు. సన్నటి టైర్లు, చూడ్డానికే నాజూకు. వాడు దాన్ని ఒంటి చేత్తో ఎత్తి అరుగు మీద పెట్టాడు. అక్కడున్న మేమందరం వరసగా ఎత్తి చూశాం. సైకిలు ఎత్తి చూడ్డం అనేది అప్పటిదాకా మా ఊళ్లో లేని పని. ఇప్పుడు కొత్త సైకిలు ఎవరు తెచ్చినా మా గ్రూపులో అందరూ చేసే మొదటి పని అదే, బారు కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తి, పెదవి విరవడమో కళ్లు పెద్దవి చెయ్యడమో.

మా నాన్న మాత్రం ఎత్తలేదు. క్యారియర్ వంక చూసి, "ఇది చీరల మూట మొయ్యదు," అని లోపలికి వెళ్లిపోయారు.

*

నాన్న చీరల వ్యాపారం సైకిలు మీదే. మంగళగిరి మగ్గాల దగ్గర చీరలు, పంచెలు తెచ్చి చుట్టుపక్కల ఊళ్లలో వాయిదాల మీద అమ్మేవారు. ఆయనది డబుల్ బారు అట్లాస్. అంటే సీటు నుంచి హ్యాండిల్‌కి ఒక గొట్టం బదులు రెండు గొట్టాలు. కొన్నాక సాయిబు గారితో ఆయన చేయించినవన్నీ బరువు పెంచేవే. వెనక చక్రానికి మామూలు పుల్లలు తీయించి లావు పుల్లలు కట్టించారు. ముందు ఫోర్కుకి రెండు వైపులా సపోర్టు రాడ్లు. కంపెనీ క్యారియర్ తీయించి, వెల్డింగ్ షాపులో ఇనప కమ్మీలతో మంచమంత వెడల్పు క్యారియర్ చేయించారు. పెద్ద స్టాండు. సీటు స్ప్రింగులు కూడా గట్టివి. ఆ సైకిల్ని నేను స్టాండు తీయడానికి వెనక్కి లాగాలంటే ఒళ్లంతా వేలాడాల్సి వచ్చేది.

చీకటితోనే బయల్దేరేవారు. అమ్మ దుప్పటి పరిస్తే మూట కట్టుకునేవారు, తాడు మూడు చుట్లు, చివర్లో మోకాలు మూట మీద పెట్టి లాగి ముడి. నేను లేస్తే ఆ ముడి బిగుసుకునే కిర్రుమనే చప్పుడుకే లేచేవాణ్ణి. తర్వాత స్టాండు టప్‌మని పైకి లేవడం, వీధి చివర్న ఒకసారి బెల్లు. ఎవరూ అడ్డం లేకపోయినా కొట్టేవారు.

మంగళగిరి మాకు పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. రేవేంద్రపాడు మీదుగా, ఎక్కువ భాగం కాలవ పక్కనే. డెల్టా కాబట్టి అంతా చదును, ఎక్కుడు దిగుడు లేదు. సరుకు తీసుకుని మధ్యాహ్నం లోపే వెనక్కి వచ్చెయ్యాలని ఆయన పట్టుదల. ఎండకి కాదు. "బరువుదేముందిరా, ఒకసారి కదిలితే అదే పోతుంది. చంపేది గాలి," అనేవారు. వేసవిలో మధ్యాహ్నం తిరిగితే సముద్రం వైపు నుంచి పైరగాలి లేస్తుంది, ఇంటికొచ్చేవాడికి ఎదురు. సాయంత్రం అరుగు మీద కూర్చున్నవాళ్లకి అది హాయి, మూట కట్టుకుని దక్షిణానికి తొక్కేవాడికి నరకం. మూటని కూడా ఆయన ఎత్తుగా కట్టేవారు కాదు, తన వీపు చాటుకి పడేలా పల్చగా, పొడుగ్గా కట్టేవారు.

ఈ సంగతి ఓసారి అనంతగిరి కొండ కింద టీ తాగుతూ మా వాళ్లకి చెప్పాను. మాలో ఒక కుర్ర ఇంజినీరు వెంటనే ఫోను తీసి లెక్క కట్టాడు. మనిషి 55, సైకిలు హంగులతో 25, మూట 40, మొత్తం 120 కిలోలు. గంటకి 12 కిలోమీటర్ల వేగం. తారు రోడ్డు మీద గాలి లేకుండా అయితే యాభై వాట్లు చాలు, గట్టు మీద మట్టి దారి అయితే దాదాపు దానికి రెట్టింపు. "ఇంతేనా అన్నా?" అన్నాడు, వాడికి కాస్త నిరాశగానే ఉంది. సరే, ఎదురుగాలి గంటకి 15 కిలోమీటర్లు వెయ్యి అన్నాను. వేశాడు. తారు రోడ్డు లెక్క కూడా వంద దాటింది. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కదా అని వాడు మాకు పాఠం చెప్పాడు, బరువు కొండెక్కేటప్పుడే లెక్క, చదును మీద గాలే లెక్క అని. మా నాన్న అయిదో తరగతి, వర్గం సంగతి తెలీదు, గాలి సంగతి తెలుసు.

కొండ లెక్క కూడా వేయించాం ఎలాగూ కూర్చున్నాం కదా అని. మనిషి, సైకిలు కలిపి 87 కిలోలు, అందులో ఒక కిలో తగ్గిస్తే, అరగంట ఎక్కే కొండ మీద మిగిలేది ఇరవై సెకన్లు. ఆ కిలో తగ్గించడానికి మా త్రాసు మనిషి పెట్టిన డబ్బుతో మా నాన్న జీవితకాలం సరుకు కొనేవారు. బాటిల్లో నీళ్లు ముప్పావు లీటరు, అంటే ముప్పావు కిలో, అది కింద ఒంపేసి ఎక్కితే సరిపోతుందిగా అని ఎవడో అన్నాడు. ఎవరూ ఒంపలేదు. నేనూ తక్కువేం కాదు, చక్రాలు మార్పించాను, టైర్లు 25 మిల్లీమీటర్ల వెడల్పు నుంచి 28కి వెళ్లాను, టైర్లకి పెట్టిన డబ్బు మాత్రం దండగ అనను. కొత్తగా ఈ సరదాలోకి దిగినవాళ్లు ఎవరడిగినా ముందు టైర్లు మార్చండి, మిగతాది మెల్లగా చూద్దాం అనే చెప్తాను. తేలిక సైకిలు ఎక్కినప్పుడు వచ్చే ఆనందం సెకన్లలో తేలేది కాదు, అది కూడా ఒప్పుకోవాలి. పెడల్ మీద కాలు వెయ్యగానే ముందుకి దూకుతుంది చూడండి, అది మా మామయ్యకి అద్దంలో క్రాపు చూసుకుంటే వచ్చే ఆనందం లాంటిదే అయ్యుంటుంది.

మా ఊళ్లో బరువు మోసిన సైకిళ్లు నాన్నదొక్కటే కాదు. పాలవాళ్లు రెండు వైపులా క్యాన్లు కట్టుకుని వెళ్లేవాళ్లు. పసుపు సీజన్లో బస్తాలు. 75 కిలోల ధాన్యం బస్తాని బారు మీదుగా అడ్డంగా వేసి మిల్లుకి నడిపించుకుపోయేవాళ్లు. తర్వాత తర్వాత గ్యాస్ కుర్రాళ్లు, నిండు సిలిండర్ ముప్పై కిలోలు, అటు రెండు ఇటు రెండు, అంటే 120 కిలోలు ఇనుముతో సహా. వాళ్లెవరూ తొక్కుతూ ఎత్తు ఎక్కేవాళ్లు కాదు, వంతెన రాగానే దిగి, ఒక చెయ్యి సీటు మీద వేసి, ఒళ్లు వాల్చి నెట్టేవాళ్లు. ఆ వంతెన దగ్గర ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు పిల్లలం వెనక నుంచి తొయ్యడానికి ఉండేవాళ్లం. పాలాయన మాకేమీ ఇచ్చేవాడు కాదు. బెల్లం వ్యాపారి మాత్రం మూటలోంచి చిన్న ముక్క గిల్లి ఇచ్చేవాడు, అందుకని ఆయన వచ్చే టైముకి పిల్లలు ఎక్కువ.

*

కాళ్లు నొప్పులు మొదలయ్యాక నాన్న వ్యాపారం మానేశారు. సైకిలు వసారాలో చాన్నాళ్లుంది. వారానికోసారి తుడిచి, చైనుకి నూనె వేసి, వెనక చక్రం ఒకసారి తిప్పి పెట్టేవారు. ఊళ్లో అందరూ మోపెడ్లకి మారిపోయారు, సాయిబు గారి షాపు ఉన్న చోట ఇప్పుడు ఫోను రీచార్జులు చేసే కొట్టు ఉంది. ఒకరోజు చేపలమ్ముకునే అతను వచ్చి సైకిలు ఇస్తారా అని అడిగాడు. అతను సైకిల్ని ఎత్తి చూడలేదు, రంగు చూడలేదు. క్యారియర్ మీద రెండు చేతులూ ఆనించి ఒంటి బరువంతా వేసి నొక్కాడు. పుల్లలు చేత్తో పట్టి చూశాడు. "ఎంతేసేవారు బాబాయ్?" అన్నాడు. నాన్న చెప్పారు. బేరం ఎక్కువసేపు నడవలేదు. పంపు కూడా ఇమ్మన్నాడు, నాన్న ఇవ్వలేదు.

2020లో, లాక్‌డౌన్ రోజుల్లో, మేమందరం ఊళ్లోనే ఉన్నాం. ఒక పొద్దున పేపర్లో అట్లాస్ వార్త వచ్చింది. ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో వాళ్లకి చివరగా మిగిలిన ఫ్యాక్టరీ పని ఆపేసింది, అదీ జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు. 1951లో సోనీపట్‌లో మొదలైన కంపెనీ. నేను చదివి వినిపించాను. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ తనే ఒకసారి చదువుకున్నారు. ఏదో అంటారని చూశాను.

"మరి ఆ చేపలతను బ్రేకు రబ్బర్లు ఎక్కడ కొంటాడు?" అన్నారు.

"ఏ కంపెనీవైనా పడతాయి నాన్నా."

"పడతయ్యి గానీ, అరుస్తయ్యి," అని పేపరు మడిచి పక్కన పెట్టారు.